ప్రాగ్‌లో వసంతం: కాలినడకన తాపీగా ఊరు చూడాలంటే?

పర్లాకిమిడి స్టూడెంట్:
అందరికీ నమస్తే. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా చదువు కోసం చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో ఉంటాను. వారంలో మూడు రోజులు మధ్యాహ్నం రెండింటికే క్లాసులు అయిపోతాయి. హడావిడి లేకుండా నడిచే ఊరు చూడాలని ఉంది. ఎలాంటి బూట్లు, బట్టలు కావాలి? ఎటు నుంచి ఎటు నడిస్తే అలుపు తక్కువ? అమ్మ నెయ్యి, కోవా కట్టిస్తానంటోంది, తీసుకెళ్ళనిస్తారా?

జయపురం అన్న:
చెల్లీ, అన్నిటికన్నా ముందు బూట్లు. పాత ఊరి వీధులు సిమెంటువి కావు, చిన్న చిన్న రాతి దిమ్మలు పరిచినవి. సోల్ పలచగా ఉంటే ప్రతి దిమ్మ అంచూ అరికాలికి తగులుతుంది. నున్నగా ఉంటే వాన పడగానే జారుతుంది. గాడులు లోతుగా ఉన్న మందపాటి రబ్బరు సోల్ చూడు. సాయంత్రం పూట కొను, పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. రెండు మూడు వారాల ముందు నుంచే అవి వేసుకుని మహేంద్రతనయ గట్టు మీద రోజూ గంటసేపు నడువు. కొత్త బూట్లతో విమానం ఎక్కొద్దు.

నూలు సాక్సులు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, తడి చర్మం రాపిడికి బొబ్బ కడుతుంది. ఉన్నివో సింథటిక్‌వో తీసుకో. మడమ దగ్గర చురుక్కుమన్న క్షణమే ఆగి టేపు వేసెయ్, బొబ్బ లేచాక వేసి లాభం లేదు.

ఏప్రిల్లో పొద్దున 4, 5 డిగ్రీలు, మధ్యాహ్నం 14, 15. పొద్దుటి చలి మన సిమిలిగుడలో జనవరి చలిలా ఉంటుంది, గంట తిరిగేసరికి ఎండ, ఇంకో గంటకి జల్లు. అందుకే ఒక్క లావుపాటి జాకెట్ కన్నా పొరలు మేలు: లోపల బనియన్ లాంటిది, మీద స్వెటర్, ఆ పైన వాన ఆగే పలచటి కోటు.

పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి మన సామాన్లలో రానివ్వరు. నెయ్యి, కోవా మానెయ్. పచ్చి కరివేపాకూ వద్దు. కందిపొడి, ఆవకాయలకి ఆ ఇబ్బంది లేదు.

బరంపురం అక్క:
దారి విషయంలో ఒకటే సూత్రం పెట్టుకో అమ్మా: ఎక్కడానికి ట్రామ్, దిగడానికి కాళ్ళు. 22 నంబరు ట్రామ్‌లో ప్రాగ్ కోట దాటి పైన పొహోర్జెలెట్స్ స్టాపులో దిగు (ఈ ట్రామ్‌లో జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు ముందుకు వేసుకో). స్ట్రాహోవ్ మఠం పక్కగా పెట్ర్షిన్ కొండ పండ్లతోటల్లోకి దారి ఉంటుంది. మామూలుగా ఏప్రిల్ మధ్యకి చెర్రీ, తర్వాత యాపిల్ పూస్తాయి. కొండ మీద 1891లో కట్టిన ఇనుప గోపురం ఉంది, ఎక్కితే ఊరంతా కనబడుతుంది. అక్కణ్ణుంచి ఉయెజ్ద్ వైపు దిగితే వల్తావా నది. మే 1న మాత్రం ఆ కొండ వద్దు. పూసిన చెర్రీ చెట్టు కింద ముద్దు పెట్టుకోవడం అక్కడి ఆచారం, ఆ రోజు కొండంతా జంటలే.

ఆ నది మీది చార్లెస్ వంతెన కట్టడం 1357లో మొదలైంది. మీద 30 విగ్రహాలు. పొద్దున తొమ్మిది దాటితే అడుగు పెట్టే చోటుండదు, ఆరున్నరకే వెళ్ళు. నెపోముక్ యోహాను అనే క్రైస్తవ సాధువు విగ్రహం (1683) కింది కంచు పలక దగ్గర వంగి చూడు. జనం చెయ్యి తగిలినంత మేరా బంగారంలా మెరుస్తుంది, చుట్టూ నల్లగానే ఉంటుంది. వంతెన మీది విగ్రహాలు చాలావరకు నకళ్ళే. అసలువి కొన్ని వైషెహ్రాద్ కోట గోడల లోపలి గోర్లిత్సె హాల్లో ఉన్నాయి. అందుకే వంతెన చూసిన వారంలోనే వైషెహ్రాద్ పెట్టుకో. సి లైను మెట్రోలో వెళ్ళి, కోట గోడల మీద నడిచి, నది ఒడ్డుకి దిగి, ఒడ్డు వెంటే వంతెన దాకా వస్తే సుమారు 3 కిలోమీటర్లు. శనివారం పొద్దున ఆ ఒడ్డునే రైతుబజారు.

తొందరపడక్కర్లేదు. మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, ఏప్రిల్ మధ్యకి సాయంత్రం ఎనిమిది దాకా వెలుగుంటుంది. రెండింటికి బయల్దేరినా రోజుకి ఒక్క పేట చాలు.

బల్లార్షా నుంచి:
రెండు జాగ్రత్తలు. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకి చూడాలి. జీబ్రా గీతల మీద కారు ఆగుతుంది, ట్రామ్ ఆగదు. అక్కడి చట్టం ప్రకారం గీతల మీద కూడా దారి ట్రామ్‌దే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పట్టాలు దాటకండి.

కాగితం టికెట్ కొనగానే చెల్లదు, పసుపు మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, అదీ ఒక్కసారే. ఏటీఎంలో రూపాయల్లో లెక్క కట్టమంటావా అని అడిగితే వద్దని అక్కడి డబ్బు కొరునాల్లోనే తీసుకోండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసా వెంట ఉంచుకోండి.

పర్లాకిమిడి స్టూడెంట్:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. పార్కుల్లో గడ్డి మీద కూర్చుని చదువుకోవచ్చా?

జయపురం అన్న:
కూర్చో, కానీ పొడుగు గడ్డిలోనూ పొదల పక్కనా కాదు. వసంతంలో అక్కడ పిడుదులు ఉంటాయి, మన పశువులకి పట్టేలాంటివే. లైమ్ జబ్బు, మెదడువాపు వైరస్ వాటి వల్ల వస్తాయి. రెండోదానికి టీకా ఉంది, డోసుల మధ్య వ్యవధి కావాలి కాబట్టి దిగగానే డాక్టర్‌ని అడుగు. లైమ్‌కి టీకా లేదు. గదికి రాగానే మోకాలి వెనక, చంకలు, జుట్టు మొదళ్ళు తడిమి చూసుకో. పట్టి ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెల్లగా నిటారుగా లాగు. నూనె పోయడం, అగ్గిపుల్ల అంటించడం చెయ్యొద్దు. ఆ చోట తేదీ రాసి ఫోటో తీసి ఉంచుకో. ఎర్రటి వలయం పెరుగుతూ పోతే ఆ ఫోటోతో డాక్టర్ దగ్గరికి వెళ్ళు.