సీసాలో దొరకని వాసనల్లో మీకేది ఇష్టం? ఎందుకు?

మధ్యాహ్నపుఎండ:

ముందే చెప్పేస్తున్నాను, సెంట్లు వద్దు. పూలు వద్దు. వంటింటి వాసనలు అసలే వద్దు, ఆకలి కలిస్తే ముక్కు మాట నమ్మలేం. నేనడిగేది, బాగుండాలని ఎవరూ తయారు చేయని వాసనల గురించి. రోజూ ఎక్కడో తగులుతుంటాయి. ఆగి ఇంకోసారి పీలుస్తాం, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంటాం. అలాంటివి.

నావి చెప్తాను. మొదటిది ఎండలో ఆరి గరగరలాడే తువ్వాలు. తీగ మీంచి తీశాక మొహం అందులో పెట్టకుండా ఒక్కదాన్నీ మడతపెట్టను. మా ఆయన చూసి "ఉతికారో లేదోనని పరీక్షా?" అంటారు. రెండోది అగ్గిపుల్ల. గీసినప్పటిది కాదు, అది ముక్కులో గుచ్చుకుంటుంది. ఊదేశాక సన్నటి పొగ లేస్తుంది చూడండి, అది. మూడోది ఇస్త్రీ. నీళ్లు చిలకరించిన నూలు చొక్కా మీద వేడి పెట్టె ఆనగానే వచ్చే ఆవిరి. పాలియెస్టర్‌కి ఆ భాగ్యం లేదు. నాలుగోది చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది, పెన్సిలు చెక్కిన పొట్టు. పిల్లల జామెట్రీ బాక్సులు నేనే సర్దుతాను. శుభ్రత కోసమని ఇంట్లో అందరి నమ్మకం, నేనూ కాదనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వీటిలో ఏదీ విడిగా చూస్తే గొప్ప వాసన కాదు. అగ్గిపుల్ల పొగని సీసాకెత్తి అమ్మితే నేను కొనను. మరెందుకు నచ్చుతున్నాయి? నాకు తోచిందేంటంటే, నావన్నీ ఏదో ఒక పని తెమిలినప్పుడు వచ్చే వాసనలే. బట్టలు ఆరాయి, పొయ్యి వెలిగింది, చొక్కా ముడతలు పోయాయి, పెన్సిలుకి మొన వచ్చింది. ముక్కుకి నచ్చుతున్నది వాసన కాదు, "హమ్మయ్య" అని నా అనుమానం. మీకూ అంతేనా? మీ వాసన ఏమిటో, అది వచ్చేటప్పుడు అక్కడ ఏం జరుగుతుంటుందో, రెండూ చెప్పండి.

పరీక్షనాళిక:

అమ్మా, కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మీ హమ్మయ్యకి కాస్త అడ్డుపడక తప్పదు.

తువ్వాలులో వాసన మీ ఊహ కాదు, నిజంగా ఉంది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చేసిన ఓ పరిశోధన 2020లో అచ్చయింది. తువ్వాళ్లని బాగా శుద్ధి చేసిన నీళ్లలో ఉతికి, కొన్నింటిని చీకటి గదిలో, కొన్నింటిని బాల్కనీలో నీడపట్టున, కొన్నింటిని ఎండలో ఆరేశారు. తర్వాత సంచుల్లో మూసి, వాటి నుంచి వచ్చే గాలిని పరీక్షించారు. పెంటనాల్, ఆక్టనాల్, నోననాల్ లాంటి ఆల్డిహైడ్లు అనే రసాయనాలు ఎండలో ఆరినవాటిలోనే ప్రత్యేకంగా కనబడ్డాయి. సెంట్ల తయారీలో ఇలాంటివాటిని కావాలని కలుపుతారు. అంటే మీరు సీసా వద్దంటూనే సీసాలోదే పీలుస్తున్నారు, ఎండ ఉచితంగా చేసిపెట్టింది కాబట్టి తెలియలేదు.

అగ్గిపుల్ల విషయంలో మీ ముక్కు చురుకైనదే. గీసినప్పుడు గుచ్చుకునేది గంధకం మండి పుట్టే సల్ఫర్ డయాక్సైడ్. ఊదేశాక వచ్చేది వేరే, సగం కాలిన పుల్లదీ దానికి పట్టించిన పారఫిన్ మైనానిదీ. మంట ఉంటే ఆ ఆవిర్లు కాలిపోయేవి. మంట లేదు కాబట్టి మీ దాకా వచ్చాయి. పెన్సిలు సంగతి చెక్కని బట్టి ఉంటుంది. సెడార్ చెక్కలో సహజంగానే సువాసన నూనెలుంటాయి. వేరే చెక్కతో చేసిన పెన్సిలు చెక్కి చూడండి, జామెట్రీ బాక్సు సర్దాలన్న ఉత్సాహం తగ్గుతుంది.

అయినా మీ మాట పూర్తిగా కొట్టిపారేయను. చూపు, వినికిడి లాంటివాటి కబుర్లు మెదడులో థాలమస్ అనే కూడలి మీదుగా పోతాయి. వాసన కబురు అక్కడ ఆగకుండానే వాసన కేంద్రానికీ, భావోద్వేగాలు చూసుకునే అమిగ్డలాకీ చేరుతుంది. జ్ఞాపకాలు చూసే హిప్పోక్యాంపస్ కూడా ఆ పక్కనే. అందుకే ముందు మనసు బాగుంటుంది, అది ఏ వాసనో తర్వాత గుర్తొస్తుంది. ఒక్కోసారి గుర్తే రాదు.

రెండుచక్రాలు:

పెట్రోల్ అక్కా. ట్యాంకు మూత తీయగానే. పని తెమలడం గిమలడం ఏం లేదు, జేబు ఖాళీ అయ్యే టైమ్ అది. అయినా నచ్చుద్ది. ఎందుకో మాస్టారే చెప్పాలి.

పరీక్షనాళిక:

అందులో బెంజీన్ ఉంటుంది బాబూ, దాని వాసన కాస్త తియ్యగా ఉంటుంది. అది క్యాన్సర్ కారకం కూడా. మూత పెట్టేసి ఇవతలికి రా.

నీళ్లట్యాంకు:

తడిసిన మట్టి పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నాను. నేను ఎత్తుతాను గానీ మీరనుకునే ధోరణిలో కాదు. నాది నీటి శుద్ధి కేంద్రంలో ఉద్యోగం. అందరూ కళ్లు మూసుకుని ఆస్వాదించే ఆ వాసన నాకు ఫిర్యాదుల రూపంలో వస్తుంది.

ఆ మట్టి వాసనలో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. నేలలో స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దాన్ని చేస్తుంది. ఎండిన నేల మీద చినుకు పడ్డప్పుడు వచ్చే వాసనకి 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ పెట్రికోర్ అని పేరు పెట్టారు. రాళ్లూ మట్టీ ఎండాకాలమంతా పీల్చుకుని దాచిన నూనెలు కూడా అందులో ఉంటాయని రాశారు. అది గాల్లోకి ఎలా లేస్తుందో 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు హైస్పీడ్ కెమెరాతో పట్టుకున్నారు. చినుకు నేలకి తగిలినప్పుడు కింద బుడగలు చిక్కుకుంటాయి, అవి పైకొచ్చి చిట్లి సన్నటి తుంపరని ఎగజిమ్ముతాయి. వాన జోరుగా పడితే ఇది తక్కువ, చిన్నగా పడితేనే ఎక్కువ. మొదటి జల్లుకి వచ్చినంత వాసన కుండపోతకి రాదంటే ఇదీ ఒక కారణమే.

ఇక నా బాధ. ఇదే జియోస్మిన్‌ని చెరువుల్లో, రిజర్వాయర్లలో నాచులా పెరిగే సయనోబ్యాక్టీరియా కూడా చేస్తుంది. లక్ష కోట్ల పాళ్ల నీళ్లలో అయిదారు పాళ్లున్నా చాలామంది ముక్కు పట్టేస్తుంది. మా దగ్గర వాడే చాలా పరికరాలకి అంత చేతకాదు. క్లోరిన్ కలిపితే పోదు, వాసనని పీల్చుకునే బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి. ఆ మోతాదులో ఆరోగ్యానికి హాని లేదని ఎంత చెప్పినా ఫోన్లు ఆగవు. "నీళ్లు బురద కంపు కొడుతున్నాయి" అని తిట్టిన మనిషే సాయంత్రం చినుకు పడితే కిటికీ తీసి "ఆహా" అంటాడు. పదార్థం ఒకటే! గాల్లో ఉంటే ఆహా, గ్లాసులో ఉంటే ఛీ.

కాబట్టి ఎండగారూ, నా ఓటు సగం మీకే. వాసన ఒక్కటే కాదు, అది ఎక్కడ తగిలిందన్నది తీర్పు చెప్తుంది. కానీ పని తెమలడం అన్నది మాత్రం మీ ఇంటి లెక్క. వాన మొదలైతే మా పని అప్పుడే మొదలు.

నాకు నచ్చే వాసనా? కొత్త రబ్బరు వాషరు. నవ్వకండి.

చెదపురుగు:

పాత పుస్తకాలు. అందరూ చెప్పేదే, కానీ కారణం అందరూ చెప్పేది కాదు. అది కాగితం పాడవుతున్న వాసన. చెక్క గుజ్జులోని లిగ్నిన్, సెల్యులోజ్ విరిగి ఆవిర్లుగా పోతుంటాయి. వాటిలో వనిల్లాకి వాసననిచ్చే వనిల్లిన్ ఉండటం వల్లే ఆ లేత తీపి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2009లో ఈ ఆవిర్లని కొలిచి, కాగితం ముక్క కూడా కత్తిరించకుండా అది ఎంత పాడైందో చెప్పే పద్ధతి చూపించారు. ఈ సంగతి తెలిశాక కూడా నాకు ఆ వాసన మీద ఇష్టం తగ్గలేదు. కొంచెం పెరిగిందేమో కూడా.

ఇంకోటి, తాళంచెవుల గుత్తి పట్టుకున్న అరచేయి. ఇనుము వాసన అనుకుంటాం కదా, ఇనుముకి వాసన లేదు. 2006లో తేల్చారు, చెమట తగిలి ఇనుము నుంచి వచ్చే అయాన్లు మన చర్మం మీది జిడ్డుని విరగ్గొడితే వచ్చే వాసన అది. అంటే మన వాసనే మనకి.

మళ్లీవచ్చినముక్కు:

కోవిడ్‌లో నాకు వాసన పూర్తిగా పోయింది. చాలా నెలలు రాలేదు. మొదట్లో తేలిగ్గా తీసుకున్నాను, చూపు పోలేదు కదా అని. తర్వాత తెలిసింది. స్నానం చేశానా లేదా అన్నది నాకు నేనుగా చెప్పుకోలేను. గ్యాసు లీకైతే తెలియదు. రోజుకి నాలుగుసార్లు చొక్కా మార్చేదాన్ని, కంపు కొడుతున్నానేమోనన్న భయంతో.

డాక్టరు ముక్కుకి కసరత్తు చెప్పారు. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో రాసిన పద్ధతే. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం. పొద్దునా సాయంత్రం ఒక్కోదాన్నీ కాసేపు పీలుస్తూ, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. వాసన రానిదాన్ని శ్రద్ధగా పీల్చడం ఎంత విసుగో చెప్పలేను. తిరిగొచ్చేటప్పుడు తిన్నగా రాలేదు, వంకరగా వచ్చింది. సబ్బు కాలిన టైరు వాసన వేసింది. ఎండగారూ, మీ తువ్వాలు ఆ రోజుల్లో నాకిస్తే విసిరికొట్టేదాన్ని.

పోయినప్పుడు నేను బెంగపెట్టుకున్నది గులాబీ మీద కాదు. మా ఇంటి వాసన మీద. నా దిండు, బట్టల బీరువా, మా అబ్బాయి తలకాయ. ఇవి ఉన్నన్నాళ్లూ ఉన్నాయని తెలియదు, ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. లేనప్పుడే ఇల్లు ఎవరిదో అనిపించింది. నా ఇష్టమైన వాసన ఏదంటే ఇప్పుడు బీరువా తలుపు.

మధ్యాహ్నపుఎండ:

మాస్టారూ, మీరు చెప్పారని ఒక తువ్వాలు నీడలో, ఒకటి ఎండలో ఆరేసి, మా ఆయన కళ్లు మూయించి వాసన చూపించాను. "ఇది బాగుంది" అని నీడదాన్ని ఎంచారు. కారణం అడిగితే సబ్బు వాసన ఎక్కువుందట! ఇన్నేళ్ల కాపురంలో ఈ సంగతి తెలియదు.

నీళ్లట్యాంకుగారి దెబ్బకి నా హమ్మయ్య సిద్ధాంతం సగం కూలింది, ఒప్పుకుంటాను. ఆ మిగిలిన సగాన్ని చెదపురుగుగారు కొరికేశారు. పుస్తకం పాడవడంలో ఏ పని తెమిలింది?

ముక్కుగారూ, మీదొకటి అడగాలనుంది. ఇంటి వాసన తిరిగొచ్చింది కదా, మళ్లీ అలవాటైపోయి తెలియకుండా పోలేదా?

మళ్లీవచ్చినముక్కు:

పోయిందండీ, కొద్ది రోజులకే. ఇప్పుడు ఊరికెళ్లి వచ్చినప్పుడే తెలుస్తుంది, తలుపు తీసిన మొదటి నాలుగైదు ఊపిర్లు. అందుకని వచ్చీ రాగానే కిటికీలు తీయనివ్వను, ఫ్యాను వేయనివ్వను. మా అబ్బాయికి మాత్రం అది ఉత్త ముక్క వాసనట. బ్యాగు కింద పెట్టకముందే కిటికీ దగ్గరికి పరుగు. పోయినసారి వాడే గెలిచాడు.