మ్యాక్ ప్లస్ స్కజీ పోర్టు నుంచి కలర్ మానిటర్ నడపొచ్చా?

హన్మకొండ మ్యాక్:
అందరికీ నమస్తే. మా మేనమామ అమెరికా నుంచి తెచ్చుకున్న మ్యాకింటోష్ ప్లస్ (యాపిల్ వాళ్ల పాత నలుపు తెలుపు తెర కంప్యూటర్) ఇప్పుడు నా దగ్గర ఉంది. 4 ఎంబీ ర్యామ్, వెనక స్కజీ పోర్టుకి (డిస్కుల్లాంటివి తగిలించేది) బ్లూస్కజీ (మెమరీ కార్డును హార్డ్‌డిస్కులా చూపించే బోర్డు), సిస్టమ్ 6 ఓఎస్. మిషన్ 120 వోల్టులది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుతున్నాను, ఇబ్బందేం లేదు. 80లలో స్కజీ పోర్టుకి స్కజీగ్రాఫ్ అనే డబ్బా తగిలించి బయట కలర్ మానిటర్ వాడేవాళ్లని చదివినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ప్లస్‌లో స్లాట్ లేదు, ఆ డబ్బా ఇక్కడ దొరికే ఆశ కూడా లేదు, అందుకే రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డుతో సొంతంగా చేద్దామని ఉంది. ఆ 25 పిన్నుల పోర్టుకి పాత ప్రింటర్ కేబుల్ సరిపోతుందా? గేమ్స్ కలర్‌లో వస్తాయా?

కాజీపేట సోల్డర్:
తమ్మీ, ముందు కేబుల్ సంగతి. పోర్టు అచ్చం పీసీ ప్రింటర్ పోర్టులాగే ఉంటుంది కానీ లోపల సిగ్నళ్లు వేరే, ప్రింటర్‌ను మాత్రం దానికి తగిలించకు. రెండు వైపులా 25 పిన్నులున్న కేబుల్ దొరికినా చవక వాటిలో అన్ని తీగలూ ఉండవు, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఒక్కో పిన్నూ చూసుకో. ఉన్న ఒక్క పోర్టూ బ్లూస్కజీయే పట్టుకుంది కదా, అందుకని బ్లూస్కజీనీ పికోనీ ఒక డబ్బాలో 50 పిన్నుల రిబ్బన్ మీద పెట్టు, ఐడీలు (స్కజీలో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు) వేరువేరుగా ఉండాలి (7 మ్యాక్‌ది), టర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే రెసిస్టర్లు) రిబ్బన్ చివర్నే. ప్లస్ టర్మినేషన్ పవర్ ఇవ్వదు, 5 వోల్టులు బయట నుంచే ఇయ్యాలె. పికో 3.3 వోల్టుల మీద నడుస్తుంది, స్కజీ లైన్లు 5 వోల్టులు, మధ్యలో వోల్టేజీ సరిచేసే బఫర్ చిప్పులు లేకుండా నేరుగా కలపొద్దు. చిప్పులకి కోఠి గుజరాతీ గల్లీలో అడుగు.

కరీంనగర్ 68000:
తీగలు ఒక వారంలో అయిపోతాయి, అసలు పని సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మ్యాక్‌లో తెర మీద బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్విక్‌డ్రా. దాని రంగుల వెర్షన్ కలర్ క్విక్‌డ్రా 1987లో మ్యాక్ II తో వచ్చింది, 68000 ప్రాసెసర్ ఉన్న ప్లస్‌లో అది నడవదు. కానీ పాత క్విక్‌డ్రాలో కూడా మొదటి నుంచీ ఎనిమిది రంగులున్నాయి, ఎరుపు 205, ఆకుపచ్చ 341, నీలం 409 అని నంబర్లతో సహా. ప్రోగ్రామ్ ఎరుపు అడిగినా లోపలి తెర నలుపే చూపిస్తుంది, అంతే తేడా. స్టార్టప్‌లో లోడ్ అయ్యే చిన్న ప్రోగ్రామ్ (ఇనిట్) ఒకటి రాసి క్విక్‌డ్రా కాల్స్‌ను దారిలో పట్టుకుని స్కజీ మీద బయటికి పంపాలి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. 640×480 తెర, పిక్సెల్‌కి 4 బిట్లంటే 1,53,600 బైట్లు. పికోలో 264 కేబీ మెమరీ, కాబట్టి పడుతుంది. 8 బిట్లయితే 3,07,200, పట్టదు. ప్లస్‌లో డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా మోసే ఏర్పాటు) లేదు, ప్రతి బైటునూ ప్రాసెసరే మోయాలి, సెకనుకు రెండున్నర లక్షల బైట్లు వెళ్తే గొప్ప, అంటే తెర మొత్తం ఒకసారి పంపడానికే అర సెకను దాటుతుంది. అందుకే బొమ్మను పంపకండి, ఆర్డర్ పంపండి. "ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎర్ర డబ్బా నింపు" అంటే కొన్ని బైట్లే, గీసే పని పికో చూసుకుంటుంది. నాకు ఈ ప్రాజెక్టులో బాగా నచ్చేది ఇదే.

గేమ్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వాటిలో చాలావరకు క్విక్‌డ్రాను పక్కనపెట్టి నేరుగా స్క్రీన్ మెమరీలోనే రాస్తాయి, మధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మ్యాక్‌పెయింట్ బొమ్మ కూడా నలుపు తెలుపు బిట్లే.

హన్మకొండ మ్యాక్:
అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. గేమ్స్ రాకపోయినా పర్లేదు, నేను రాసిన ప్రోగ్రామ్ రంగులో కనిపిస్తే చాలు. మరి మొదలు ఎక్కడ పెట్టాలి?

కరీంనగర్ 68000:
ఇనిట్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు మ్యాక్ లేకుండా పికో నుంచి వీజీఏ మానిటర్‌కి ఎనిమిది రంగుల పట్టీలు తెప్పించండి, రెసిస్టర్లు సరిపోతాయి. తర్వాత స్కజీ ఇంక్వైరీ కమాండ్‌కి (నువ్వు ఏ పరికరానివి అని మ్యాక్ అడిగేది) పికో జవాబు ఇచ్చేలా చేయండి. ఆ రెండూ నిలబడ్డాక మ్యాక్ మీద చిన్న ప్రోగ్రామ్ రాసి ఒక్క ఎర్ర డబ్బా గీయించండి. బ్లైండ్ రైట్ (ప్రతి బైటుకీ అవతలి జవాబు కోసం ఆగకుండా పంపడం) వేగంగా ఉంటుంది కానీ ప్లస్‌లో పికో కాస్త ఆలస్యం చేసినా బైట్లు పోతాయి, మామూలు రైటే వాడండి. బ్లూస్కజీలో ఉన్న ఫైళ్లు ముందే కాపీ తీసిపెట్టుకోండి, ఒకే రిబ్బన్ మీద ప్రయోగాలు చేస్తున్నారు కదా.