ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంటా, సెలైనాలో సొంత ఇల్లా?

నమస్తే అండీ, డాలస్‌కి స్వాగతం. ఆఫీసు ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్‌లో, మీ ఆవిడ హెచ్4 (మీలా హెచ్1బీ వర్క్ వీసా ఉన్నవాళ్ల భార్యలకిచ్చే వీసా) మీద వచ్చే నెల దిగుతున్నారు, ఈలోపే ఉత్తరాన దూరంగా ఉన్న సెలైనాలో కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టేయమంటారా అని అడిగారు. సూటిగా చెప్తున్నా, ఇప్పుడు వద్దు. ఓ రెండేళ్లు ఇర్వింగ్‌లో అద్దెకి ఉండండి, తర్వాత చూడొచ్చు.

అద్దె కట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరేనని మీ ప్రశ్నకి జవాబిచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు రాశారు కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. ఉదాహరణకి 5 లక్షల డాలర్ల ఇల్లు, చేతి నుంచి 10 శాతం పెట్టారు, మిగతా 4.5 లక్షలు 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ అనుకోండి. నెల కిస్తీ సుమారు 2,840 వస్తుంది. మొదటి ఏడాదంతా కడితే అందులో అసలుకి పోయేది 5 వేల చిల్లర, వడ్డీకి 29 వేలు. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని సంబరపడతాం గానీ ఆ లోటు ప్రాపర్టీ ట్యాక్స్‌లో తీర్చేసుకుంటారు, 2.2 శాతం వేసుకున్నా ఏడాదికి 11 వేలు. పైన ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) ఫీజు, 20 శాతం డౌన్ పెట్టలేదు కాబట్టి పీఎంఐ, అంటే లోన్ ఇచ్చినవాళ్ల భద్రతకి మనం కట్టే ఇన్సూరెన్స్. ఇవేవీ మీకు తిరిగొచ్చే డబ్బు కాదు. రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌కి నెలకి 1,900 కట్టినా ఏడాదికి 23 వేల లోపే అవుతుంది.

సెలైనా, ప్రిన్స్‌టన్, ఆబ్రీ వైపు కొత్త వెంచర్లలో ఇంకో సంగతుంది. రోడ్లకీ నీళ్ల పైపులకీ చేసిన అప్పు తీర్చడానికి మడ్ (ఎంయూడీ) అనో పిడ్ (పీఐడీ) అనో పేరు పెట్టి అదనపు పన్ను వేస్తారు, దాంతో మొత్తం 2.5 శాతం దాటిపోయే చోట్లు బోలెడు. పైగా మొదటి ఏడాది ట్యాక్స్ చాలాసార్లు ఖాళీ స్థలం విలువ మీదే పడుతుంది. జనవరి 1 నాటికి ఇల్లు పూర్తి కాలేదు కదా, అందుకు. రెండో ఏడు ఇంటి విలువ మొత్తం మీద బిల్లు వచ్చేసరికి ఎస్క్రోలో (ట్యాక్స్, ఇన్సూరెన్స్‌ల కోసం కిస్తీతో పాటు నెలనెలా పక్కన పెట్టే ఖాతా) కొరత పడి నెల కిస్తీ ఒక్కసారిగా ఐదారు వందలు పెరిగిపోతుంది. సేల్స్ ఆఫీసులో ఇచ్చే కాగితంలో మాత్రం ఆ మొదటి ఏడాది అంకె చూసే మురిసిపోతాం. కొనేటప్పుడు పూర్తి విలువ మీద ట్యాక్స్ ఎంతో అడిగి రాయించుకోండి, సొంతంగా ఉండే ఇంటికి పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపుకి మర్చిపోకుండా అప్లై చేయండి.

ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే, ఎండాకాలం బీటలు వారుతుంది, వానలకి ఉబ్బుతుంది, అందుకని జులై, ఆగస్టుల్లో ఫౌండేషన్ చుట్టూ సోకర్ హోస్ (పొడవునా నీరు ఊరే పైపు) వేసి నీళ్లు పెట్టాలి. పాలసీలో వడగళ్లకి డిడక్టిబుల్ 2 శాతమని ఉంటే, 5 లక్షలకి ఇన్సూర్ చేసిన ఇంటి కప్పు పోయినప్పుడు మొదటి 10 వేలు మీ జేబులోంచే.

డబ్బు సంగతి అలా ఉంచండి, నేను ఇంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం మీ ఆవిడ. మీ ఐ-140 (గ్రీన్ కార్డు కోసం మీ కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యేదాకా మామూలుగా ఆవిడకి హెచ్4 ఈఏడీ అనే పని అనుమతి రాదు, అంటే ఉద్యోగం చేయడానికి లేదు. డ్రైవింగ్ రాదని మీరే రాశారు. మీరు ఉదయం ఏడింటికి టోల్‌వే ఎక్కితే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. అప్పటిదాకా ఆవిడ ఆ నాలుగు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఒక్కతే. బస్సు లేదు, రైలు లేదు, చుట్టుపక్కల సగం ఇళ్లు ఇంకా కడుతూనే ఉంటారు, పాలు కావాలన్నా మీరు రావాలి. పెళ్లయి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఇలా నెలల తరబడి గోడలు చూస్తూ కుమిలిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను, ఇంటికి ఫోన్ చేస్తే బాగానే ఉన్నానమ్మా అంటారు, పెట్టేసి ఏడుస్తారు. అదే ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్‌లోనో మెకార్థర్ రోడ్డు పక్కనో అయితే సాయంత్రం ఐదు దాటేసరికి అపార్ట్‌మెంట్ల మధ్య స్ట్రోలర్లు తోసుకుంటూ ఆడవాళ్లు, వాకింగ్‌కి బయల్దేరిన అత్తగార్లు మామగార్లు కనిపిస్తారు. ఎవరో ఒకరు పలకరిస్తారు, మీదే ఊరు అంటారు. ఇండియన్ స్టోరు దగ్గర, లాస్ కొలినాస్‌లో ఆరెంజ్ లైన్ రైలు. పిల్లలు పుట్టి స్కూలు దాకా వచ్చినా భయం లేదు, వ్యాలీ రాంచ్‌లో కొంత భాగం కొప్పెల్ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికే వస్తుంది. సంతకం పెట్టే ముందు ఆ అడ్రస్ ఏ డిస్ట్రిక్ట్‌దో సరిచూసుకోండి.

హెచ్1బీలో ఉద్యోగం పోతే మామూలుగా దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఇంకో రాష్ట్రంలో జాబ్ వస్తే అపార్ట్‌మెంట్ అయితే ఖాళీ చేసి వెళ్లొచ్చు. ఏడాది తిరక్కుండా ఇల్లు అమ్మాలంటే కమీషన్లకీ క్లోజింగ్ ఖర్చులకీ మీరు పెట్టిన ఆ 10 శాతంలో చాలా భాగం ఆవిరైపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఇబ్బంది లేదని అనడం లేదు. పైవాళ్లు నడిస్తే చెక్క ఫ్లోరింగ్ మన నెత్తి మీదే మోగుతుంది, రెన్యూవల్‌కి అద్దె పెంచుతారు, అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికొస్తే ఇరుకే. లీజు మధ్యలో వెళ్లిపోతే రీలెట్టింగ్ ఫీజు (వాళ్లు ఇంకొకరికి అద్దెకిచ్చుకునే ఖర్చు) కడతారు, అది కట్టినంత మాత్రాన మిగతా నెలల అద్దె బాధ్యత తీరిపోదు కాబట్టి ఎంత కడితే పూర్తిగా బయటపడొచ్చో ముందే కాగితం మీద పెట్టించుకోండి. నెత్తి మీద చప్పుడు వద్దనుకుంటే కింది అంతస్తు కన్నా పై అంతస్తు అడగండి.

ఐ-140 వచ్చి, ఆవిడ కారు నడుపుతూ, బ్యాంకులో ఆరు నెలల కిస్తీలు పక్కన పెట్టగలిగిన రోజున తప్పకుండా కొనండి, నేనే దగ్గరుండి ఇళ్లు చూపిస్తా. పెరడు, పిల్లలు ఆడుకునే చోటు, నలుగురొస్తే ఉండే గది, ఇవన్నీ నిజంగా మంచివే. చూడ్డానికి మాత్రం ఆదివారం వెళ్లకండి, మంగళవారం ఏడున్నరకి ఆ ఇంటి నుంచి ఆఫీసుకి ఒకసారి నడిపి చూడండి.

ఈలోగా ఆవిడకి టెక్సస్ డ్రైవర్ హ్యాండ్‌బుక్ పంపించండి, ఆన్‌లైన్‌లో ఉంది. రాత పరీక్షలో 30 ప్రశ్నలకి 21 సరిగ్గా రాయాలి. రోడ్ టెస్ట్ స్లాట్లు దగ్గర్లో తొందరగా దొరకవు, ఆవిడ దిగిన వారంలోనే ఆ పని మొదలుపెట్టండి.