ప్రభుత్వ రంగ బ్యాంకుకు సీటీవో కావాలి, సరైనవాళ్ళు ఎందుకు రావడం లేదు?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను, పేరు ఇక్కడ చెప్పలేను. చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ (సీటీవో) పోస్టుకు, ఆ కింద క్లౌడ్, డేటా, డిజిటల్ చూసుకునే పెద్ద స్థాయి పోస్టులకు కాంట్రాక్టు పద్ధతిలో నోటిఫికేషన్ ఇచ్చాం. మూడేళ్ళు, పనితీరు బాగుంటే మరో రెండేళ్ళు. బీటెక్ లేదా ఎంసీఏ, కనీసం 15 ఏళ్ళ అనుభవం, జీతం మాట్లాడుకుని నిర్ణయిస్తాం అని రాశాం.

దరఖాస్తులు బాగానే వచ్చాయి. కానీ ఎక్కువమంది ప్రాజెక్ట్ మేనేజర్లు, లేదంటే బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల్లో సేల్స్ వైపు చేసినవాళ్ళు. కోట్ల లావాదేవీలు నడిచే సిస్టమ్‌ను కట్టి, నెలాఖరు రాత్రి అది కూలితే మళ్ళీ లేపి, పెద్ద ఇంజినీరింగ్ టీమ్‌ను నడిపించినవాళ్ళు దాదాపు లేరు. ఎంపికైన ఒకాయన ఆఫర్ లెటర్ తీసుకుని కూడా చేరలేదు. అడిగితే మర్యాదగా "కుదరదండీ" అన్నారు తప్ప కారణం చెప్పలేదు.

మా పైవాళ్ళందరూ జీతమే సమస్య అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. కాంట్రాక్టు పోస్టుకు మా జీతాల స్కేళ్ళతో పనిలేదు. జనరల్ మేనేజర్ మూలవేతనం 1,56,500 దగ్గర మొదలై 1,73,860 దగ్గర ఆగిపోతుంది, సీటీవోకు దానికి ఎన్నో రెట్లు ఇవ్వడానికి బోర్డు సిద్ధంగానే ఉంది. అయినా రావడం లేదు.

నాకు ఇది ఖాళీ నింపేసి చేతులు దులుపుకునే వ్యవహారం కాదు. మా ఖాతాదారుల్లో పింఛనుదారులు, ఉపాధి హామీ కూలీలు, పంట రుణాల రైతులు ఎక్కువ. యాప్ పనిచేయకపోతే ఇంకో బ్యాంకుకు మారిపోయే వీలు వాళ్ళకు లేదు. ప్రైవేటు వైపు ఉన్నవాళ్ళు, ఇలాంటి పోస్టుల్లో చేసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఎక్కడ తేడా కొడుతోంది?

గచ్చిబౌలి ఇంజినీర్:

నేను ఒక ప్రోడక్ట్ కంపెనీలో ఇంజినీరింగ్ డైరెక్టర్‌ని. ఇలాంటి నోటిఫికేషన్లు చదివాను, ఒకసారి అప్లై చేద్దామని సీరియస్‌గా అనుకున్నాను కూడా. అందుకే సూటిగా చెబుతున్నా, సమస్య జీతం కాదన్న మీ అనుమానం కరెక్టే.

ఆ నోటిఫికేషన్‌లో ఫొటో ఎంత సైజు ఉండాలి, సంతకం ఎలా స్కాన్ చేయాలి, పదో తరగతి మార్కుల శాతం ఏ గడిలో నింపాలి అన్నీ ఉన్నాయి. నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి, నా కింద ఎంతమంది, అందులో బ్యాంకు ఉద్యోగులు ఎందరు, వెండర్ (బ్యాంకుకు పని చేసిపెట్టే బయటి కంపెనీ) మనుషులు ఎందరు, నాకు నచ్చినవాళ్ళను నేను తెచ్చుకోవచ్చా, ఎంత మొత్తం దాకా నా సంతకంతో ఖర్చవుతుంది, ఇవేవీ లేవు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడిగితే "ఇంటర్వ్యూలో చెబుతారు సార్" అన్నారు. ఇరవై ఏళ్ళు కష్టపడి ఒక స్థాయికి వచ్చినవాడు ఇవి తెలియకుండా ఉద్యోగం వదులుకోడు.

ఇంకో విషయం, ఇది హెచ్‌ఆర్‌లో ఎవరూ పట్టించుకోరు. ఇంటర్వ్యూకు పిలిచినవాళ్ళ జాబితా పేర్లతో సహా వెబ్‌సైట్‌లో పెడుతుంటారు. నా పేరు అందులో వచ్చిన మర్నాడే మా ఆఫీసులో అందరికీ తెలిసిపోతుంది. మీ దగ్గర సెలెక్ట్ కాకపోతే ఇక్కడ నా పరిస్థితి ఏమిటి? పారదర్శకత కోసమే అలా చేస్తారని అర్థమవుతుంది, కానీ దరఖాస్తు నంబర్ మాత్రమే వేసినా అది నెరవేరుతుంది కదా.

అసలు ఈ స్థాయిలో ఉన్నవాళ్ళు ప్రకటనలు చూసి అప్లై చేయరండి, ఎవరో ఒకరు ఫోన్ చేసి మాట్లాడితేనే కదులుతారు. నోటిఫికేషన్ చట్టప్రకారం ఇవ్వాల్సిందే, కాదనను. కానీ దానికి మూడు నాలుగు నెలల ముందే మీ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ (ఈడీ) గారో మేనేజింగ్ డైరెక్టర్ గారో హైదరాబాద్, బెంగళూరు, పుణె వచ్చి కొంతమందిని కూర్చోబెట్టి "మా దగ్గర ఈ సమస్య ఉంది, ఇంతమంది ఖాతాదారులు, ఇదీ మా సిస్టమ్" అని విప్పి చెబితే, వాళ్ళలో కొందరు తప్పకుండా అప్లై చేస్తారు. మీరు ఇక్కడ పింఛనుదారుల గురించి రాసిన ఆ రెండు వాక్యాలు నోటిఫికేషన్‌లో ఉండి ఉంటే నేను ఆ రోజు ఫారం పూర్తి చేసి ఉండేవాణ్ణి.

రిటైర్డ్ బ్యాంకర్:

అమ్మా/బాబూ, మీరెవరో తెలియదు కాబట్టి ఇద్దరికీ చెబుతున్నాను. నేను బ్యాంకు ఐటీ విభాగంలో జీఎంగా రిటైరయ్యాను. పై మిత్రుడు చెప్పింది నిజమే గానీ బయటనుంచి తేవడం ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చలేదు.

ప్రభుత్వ బ్యాంకుల నియామక పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ళ స్పెషలిస్ట్ ఆఫీసర్ల పరీక్షలో ప్రతి ఏడాదీ ఐటీ ఆఫీసర్లు స్కేల్-1లో, అంటే ఆఫీసర్ల మొదటి మెట్టులో, వస్తారు, చురుకైన పిల్లలు. వాళ్ళు కోర్ బ్యాంకింగ్ (శాఖలన్నిటి ఖాతాలు నడిచే ప్రధాన సిస్టమ్) లోపలంతా నేర్చుకుంటారు, డేటాబేస్ ఎక్కడ నెమ్మదిస్తుందో, రాత్రిపూట లెక్కలన్నీ కలిపి నడిపే బ్యాచ్ ఎక్కడ ఆగుతుందో కళ్ళు మూసుకుని చెబుతారు. ఆ తర్వాత ప్రమోషన్ కావాలంటే శాఖ అనుభవం కావాలంటారు, జనరల్ వైపు మారమంటారు, ఏదో సెమీ అర్బన్ శాఖకు మేనేజర్‌గా వేస్తారు. అక్కడ బంగారు రుణాల టార్గెట్లు చూసుకుంటూ ఆ పిల్లవాడు నేర్చుకున్నదంతా మర్చిపోతాడు. కొందరు రాజీనామా చేసి, ఏ వెండర్ దగ్గరైతే మనం పని చేయించుకుంటున్నామో అక్కడే రెట్టింపు జీతానికి చేరతారు. మన మనిషిని మనమే పెంచి, మనమే పోగొట్టుకుని, మళ్ళీ కొనుక్కుంటున్నాం. ఈ బాధ నాకు సర్వీసంతా ఉంది.

కాబట్టి బయటనుంచి సీటీవోను తెండి, వద్దనడం లేదు. కానీ ఆయన పక్కన లోపలినుంచి వచ్చిన డిప్యూటీ ఒకరు ఉండాలి, ఆయన వెళ్ళిపోయే నాటికి ఈ మనిషి సిద్ధం కావాలి అన్నది ఆయన కాంట్రాక్టులోనే ఒక బాధ్యతగా రాయండి. లేకపోతే మూడేళ్ళకోసారి మళ్ళీ మొదటికే వస్తారు.

ఇంకొక మాట. రిజర్వ్ బ్యాంక్ 2023 నవంబర్ 7న ఐటీ గవర్నెన్స్ మీద మాస్టర్ డైరెక్షన్ (బ్యాంకులు పాటించాల్సిన ఆదేశాలు) ఇచ్చింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బోర్డు స్థాయిలో ఐటీ స్ట్రాటజీ కమిటీ ఉండాలని, దాని చైర్‌పర్సన్ ఐటీ బాగా తెలిసిన స్వతంత్ర డైరెక్టర్ అయ్యుండాలని, కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలని అందులో ఉంది. సమాచార భద్రత చూసే సీఐఎస్ఓ ఐటీ హెడ్ కింద ఉండకూడదని, ఆయనకు వ్యాపార లక్ష్యాలు పెట్టకూడదని కూడా ఉంది. ఎవరికి రిపోర్ట్ చేయాలి అని గచ్చిబౌలి మిత్రుడు అడిగిన ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది. దాన్ని నోటిఫికేషన్‌లో పెట్టండి, కమిటీకి నేరుగా వివరించే అవకాశం సీటీవోకు ఉంటుందని రాయండి.

ఐటీ సరిగ్గా లేకపోతే రిజర్వ్ బ్యాంక్ వ్యాపారాన్నే ఆపగలదని ఇప్పుడు అందరికీ తెలుసు. 2020 డిసెంబర్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకు కొత్త క్రెడిట్ కార్డులు ఆపమన్నారు, 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకుకు ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను తీసుకోవడం, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వడం రెండూ ఆపమన్నారు. అవి ప్రైవేటు బ్యాంకులు, మనకెందుకులే అనుకునే బోర్డు ఉంటే ముందు దాన్ని మార్చాలి.

ఢిల్లీ కడపోడు:

నేను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకదానిలో కాంట్రాక్టు మీద టెక్నాలజీ వైపు సీనియర్ పోస్టులో చేశాను, ఇప్పుడు మళ్ళీ ప్రైవేటులో ఉన్నాను. ఇందాకటి నుంచి ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, అది విజిలెన్స్, అంటే అవినీతి మీద నిఘా, విచారణ.

బయటనుంచి వచ్చినవాడు చేరిన మొదటి వారంలోనే వినేది మూడు పేర్లు, సీబీఐ, సీవీసీ (కేంద్ర విజిలెన్స్ కమిషన్), కాగ్ (ప్రభుత్వ ఖర్చుల ఆడిటర్). అవినీతి నిరోధక చట్టం ప్రకారం కాంట్రాక్టు మీద ఉన్నవాడు కూడా పబ్లిక్ సర్వెంటే. మూడేళ్ళు చేసి వెళ్ళిపోయిన తర్వాత, ఎప్పుడో సంతకం పెట్టిన టెండర్ ఫైలు మీద పిలుపు రావచ్చు. బ్యాంకు మనిషికైతే యూనియనో, అసోసియేషనో, తెలిసిన సీనియర్లో ఉంటారు. మనకు ఎవరూ ఉండరు, లాయరు ఖర్చు మన జేబులోంచే. 2018లో ఆ చట్టాన్ని సవరించారు, 17ఏ సెక్షన్ కింద అధికారిక నిర్ణయాల మీద విచారణకు ముందస్తు అనుమతి కావాలన్నారు. అది కొంత మేలే గానీ, బయటివాడి భయం దాంతో పోలేదు. మీ ఆఫర్ లెటర్‌లో "పదవీకాలంలో సద్బుద్ధితో తీసుకున్న నిర్ణయాలకు, వదిలి వెళ్ళాక కూడా, న్యాయ ఖర్చు బ్యాంకే భరిస్తుంది" అని ఒక్క పేరా ఉంటే ఆ చేరని పెద్దమనిషి చేరి ఉండేవారేమో. ఆయన కారణం నాకు తెలియదు, కానీ నేను కలిసినవాళ్ళలో చాలామంది వెనక్కి తగ్గింది ఇక్కడే.

రెండోది, పాత కంపెనీ షేర్లు. ఈ స్థాయి వాళ్ళ సంపాదనలో పెద్ద భాగం షేర్ల రూపంలో ఉంటుంది, ఇంకా చేతికి రానివి కూడా ఉంటాయి. ఆ కంపెనీయే రేపు మీ టెండర్‌లో బిడ్ వేస్తే? ఆ ఫైలు నుంచి ఆయన తప్పుకుంటే సరిపోతుందా, షేర్లు అమ్మేయాలా? దీనికి బ్యాంకు దగ్గర ముందే రాసిపెట్టిన జవాబు ఉండాలి, చేరాక లీగల్ డిపార్ట్‌మెంట్‌కు ఫైలు పంపి ఆరు నెలలు ఎదురుచూడటం కాదు.

బాగా జరిగిన ఉదాహరణ కావాలంటే ఆధార్ తొలినాళ్ళు చూడండి. 2009 జూలైలో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నందన్ నీలేకని బాధ్యత తీసుకున్నారు, టెక్నాలజీ కేంద్రం బెంగళూరులో పెట్టారు, టెక్నాలజీ విభాగానికి శ్రీకాంత్ నాదముని నాయకత్వం వహించారు. కంపెనీల నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు, స్వచ్ఛందంగా పనిచేసినవాళ్ళు, ఐఏఎస్ అధికారులు కలిసి కూర్చున్నారు. 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో మొదటి నంబర్లు ఇచ్చారు. ఆధార్ మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళకుండవచ్చు, దాని మీద సుప్రీంకోర్టు దాకా జరిగిన వాదనలు న్యాయమైనవే, కానీ నియామకం సంగతి వరకు చూస్తే అక్కడ పనిచేసింది జీతం కాదు. పైన కూర్చున్న మనిషికి ప్రధానమంత్రి స్థాయి అండ ఉంది, కింద ఉన్న టెక్నాలజీ మనిషి మాట ఫైళ్ళలో చెల్లింది, ఎవరితో కలిసి పనిచేస్తామో వచ్చేవాళ్ళకు ముందే తెలుసు.

జీఎస్టీ పన్నుల కంప్యూటర్ వ్యవస్థ నడిపే జీఎస్టీ నెట్‌వర్క్‌కు ఇంకో దారి ఎంచుకున్నారు. 2013లో కంపెనీగా పెట్టి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వాటా 49 శాతమే ఉంచారు. ప్రభుత్వ జీతాల చట్రం బయట మనుషులను తీసుకునే వీలు కలగడం దానివల్ల వచ్చిన లాభాల్లో ఒకటి. పన్నుల సమాచారం ప్రైవేటు వాటా ఎక్కువున్న కంపెనీ దగ్గర ఎందుకన్న అభ్యంతరం మొదటినుంచీ ఉంది, 2018లో పూర్తి ప్రభుత్వ కంపెనీగా మార్చాలని జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. అంటే మనిషి కోసం సంస్థ రూపాన్నే వంచడం ఎల్లకాలం నిలబడదు, ఉన్న సంస్థలోనే ఆ పోస్టును సరిగ్గా కట్టుకోవాలి.

సామాజిక న్యాయం సంగతి కూడా పక్కన పెట్టకండి. 2024 ఆగస్టు 17న యూపీఎస్సీ 45 లేటరల్ ఎంట్రీ (బయటి నిపుణులను నేరుగా పై స్థాయిలో తీసుకునే) పోస్టులకు ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్లు లేవన్న నిరసనతో 20వ తేదీకల్లా వెనక్కి తీసుకుంది. ఒకే ఒక్క పోస్టు ఉన్న కేడర్‌లో రిజర్వేషన్ వర్తించదని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది, మీ లీగల్ వాళ్ళు అదే చూపిస్తారు. కోర్టులో అది నిలబడుతుంది. కానీ నాలుగైదు పోస్టులను ఒక్కొక్కటిగా విడగొట్టి అన్నిటికీ అదే మాట చెబితే మీ బ్యాంకులోని ఉద్యోగులే నమ్మరు, నేనూ నమ్మను. ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల నుంచి వచ్చి ఐటీలో ఇరవై పాతికేళ్ళు పనిచేసిన సీనియర్లు ఇవాళ హైదరాబాద్‌లోనే ఎంతోమంది ఉన్నారు. ముందుగా వెళ్ళి కలవండి అని పైన అన్నారే, ఆ కలవడంలో వాళ్ళను వెతికి మరీ కలవండి.

జెర్సీ తెలుగు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ అమెరికాలో పెద్ద బ్యాంకుల్లో పేమెంట్ సిస్టమ్స్ నడిపించిన మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అమ్మానాన్నల కోసం వెనక్కి వద్దామనుకునేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళు అప్లై చేయవచ్చా?

ఢిల్లీ కడపోడు:

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే, అంటే హెచ్1బీ మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్నా, పౌరసత్వం వరకు ఇబ్బంది లేదండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే) కార్డు మీద ఉంటే కష్టం, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం అన్న హక్కు ఓసీఐ వాళ్ళకు లేదని పౌరసత్వ చట్టం 7బి సెక్షన్‌లోనే ఉంది. కృష్ణాతీరం గారూ, మీ ఇంటర్వ్యూ మొదటి రౌండ్ వీడియో కాల్‌లో పెట్టండి, దూరంలో ఉన్నవాళ్ళు అప్పుడే ధైర్యం చేస్తారు.

కృష్ణాతీరం:

అందరికీ చాలా థాంక్స్. రిపోర్టింగ్, ఖర్చు అధికారం, న్యాయ ఖర్చు, షేర్లు, లోపలి డిప్యూటీ, ఈ అయిదూ నోటిఫికేషన్‌కు ముందే బోర్డు తీర్మానంగా తెచ్చుకోవాలని నోట్ రాయడం మొదలుపెట్టాను. పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపడం నా స్థాయిలోనే అయిపోతుంది. ఒక్కటి మిగిలింది. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో మా ఈడీలు, ఒక మాజీ బ్యాంకర్, ఒక ప్రొఫెసర్ ఉంటారు. ఇంతపెద్ద సిస్టమ్‌లు నిజంగా నడిపించిన మనిషికీ, బాగా మాట్లాడే మనిషికీ తేడా వీళ్ళు ఎలా పట్టుకోవాలి?

గచ్చిబౌలి ఇంజినీర్:

ప్యానెల్‌లో సిస్టమ్‌లు నడిపిన మనిషి ఒక్కరైనా ఉండాలి. హైదరాబాద్‌లోనే ఐడీఆర్‌బీటీ ఉంది, రిజర్వ్ బ్యాంక్ 1996లో బ్యాంకింగ్ టెక్నాలజీ కోసమే పెట్టిన సంస్థ, అక్కడ అడిగితే సరైనవాళ్ళను సూచిస్తారు. ప్రశ్నలు మాత్రం గొప్పలు చెప్పుకునేవి వద్దు. "మీ చేతిలో ఉండగా సిస్టమ్ పడిపోయిన సందర్భం ఒకటి తీసుకుని గంట గంటకూ ఏం జరిగిందో చెప్పండి" అనండి. నిజంగా అక్కడ ఉన్నవాడు ఎవరికి ముందు ఫోన్ చేశాడో, ఏ నిర్ణయం తప్పయిందో, తర్వాత ఏం మార్చాడో చెబుతాడు, మీరు ఎంత లోపలికి అడిగితే అంత లోపలికి వెళ్తాడు. లేనివాడు రెండో ప్రశ్నకే "మా టీమ్ చూసుకుంది" అంటాడు. తర్వాత, ఆయన పైవాళ్ళతో పాటు ఆయన కింద పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లతో కూడా, ఆయన అనుమతి తీసుకుని మాట్లాడండి. నోట్ బోర్డుకు వెళ్ళేముందు పేర్లు తీసేసి ఇక్కడ పెడితే, అభ్యర్థి కళ్ళతో చదివి చెబుతాను.