యూరప్‌లో రీసైక్లింగ్ ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి: చట్టాలు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?

ఎల్బే_గట్టు:
యూరప్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు ఈ వేదికలో చాలామందే ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నా. సర్క్యులర్ ఎకానమీ (వాడిన సరుకునే పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకోవడం) పేరుతో యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2015లో ఒక ప్రణాళిక, 2020లో ఇంకోటి వేసింది. వాడే మొత్తం సరుకులో రీసైకిల్ అయి వచ్చినదాని వాటాను 2030కల్లా రెట్టింపు చేస్తామన్నారు. 2023లో అది 11.8 శాతం. ఏళ్ల తరబడి అక్కడక్కడే తచ్చాడుతోంది. ఈలోగా రీసైక్లింగ్ చేసేవాళ్లే దివాలా తీస్తున్నారు. 2024 మొదట్లోనే నెదర్లాండ్స్‌లో ప్లాస్టిక్ కంపెనీ ఉమిన్‌కార్ప్, స్వీడన్‌లో బట్టల కంపెనీ రెన్యూసెల్ పడిపోయాయి. చట్టాల మీద చట్టాలు పేర్చడమే దీనికి కారణమని నా వాదన. నేను ప్యాకేజింగ్ లైన్‌లో ఉన్నాను, మాది చిన్న సంస్థ. ఫారాలు నింపడానికే ఒక మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది.

లెక్కల_మాస్టారు:
ఫారాల బాధ నిజమే. కానీ ఫ్యాక్టరీ మూతపడేది ఫారాల వల్ల కాదండీ, ధర వల్ల. కొత్త ప్లాస్టిక్ ధర ముడిచమురుతో పాటు దిగుతుంది. పాత ప్లాస్టిక్‌కి ఆ సౌకర్యం లేదు. సేకరించాలి, వేరుచేయాలి, కడగాలి, కరిగించాలి. కూలీ, నీళ్లు, కరెంటు అన్నీ ఖర్చే. 2022 తర్వాత యూరప్‌లో కరెంటు రేటు ఎంత పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. చమురు చౌకైన ప్రతిసారీ కొనేవాడు కొత్తదాని వైపే పోతాడు.

ఇక చట్టం సంగతి. చెత్త సేకరించి తీరాలని ఎప్పటినుంచో బలవంతం ఉంది. రీసైకిల్ సరుకు కొని తీరాలన్న బలవంతం మాత్రం నిన్నమొన్నటిది. పెట్ సీసాల్లో (నీళ్లు, కూల్‌డ్రింకులు వచ్చే ప్లాస్టిక్ సీసాలు) 25 శాతం పాత ప్లాస్టిక్ ఉండాలన్న నియమం 2025లో మొదలైంది. షాంపూ డబ్బాలు, ట్రేలు లాంటి మిగతా ప్లాస్టిక్ ప్యాకింగ్‌కి 2030 దాకా ఆగాలి. ఒక చేత్తో గోదాము నింపుతూ రెండో చేత్తో గిరాకీని ఆపితే రీసైక్లర్ ఏం చేస్తాడు? నన్నడిగితే చట్టం ఎక్కువ కాలేదు, సగంలో ఆగింది.

బుకారెస్ట్_బాబాయ్:
మీరంతా జర్మనీ కళ్లద్దాలతో చూస్తున్నారు. జర్మనీలో సీసా డిపాజిట్ (ఖాళీ సీసా తిరిగిస్తే వెనక్కిచ్చే డబ్బు) 2003 నుంచి ఉంది, 25 సెంట్లు. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు కూడా నెలాఖరున సంచీ నిండా సీసాలు మెషిన్‌లో వేసి కూరగాయలు తెచ్చుకుంటారు. రొమేనియాలో అది 2023 నవంబరు చివర్లో గానీ రాలేదు, అర లెయు (లెయు అంటే మా కరెన్సీ). నెదర్లాండ్స్‌లో రీసైకిల్ వాటా 30 శాతం దాటితే మా దగ్గర 1.3 శాతమే. పల్లెల్లో చెత్తంటే ఇప్పటికీ గోతిలో పోసి కప్పెట్టడమే. అది చౌక కదా మరి! ముప్ఫైలో ఉన్నవాడికీ ఒకటిలో ఉన్నవాడికీ ఒకే గడువు పెట్టి, ఆనక వెనకబడ్డారని మమ్మల్ని తిట్టడం ఏం న్యాయం?

నూలుపోగు:
రెన్యూసెల్‌ని చట్టం ఖాతాలో వేయకండి, ఎల్బే గారూ. పాత నూలు బట్టల్ని గుజ్జు చేసి, విస్కోస్ దారానికి (మామూలుగా చెక్కగుజ్జుతో తీసే దారం) పనికొచ్చే ముడిసరుకు తయారుచేసేవాళ్లు. సుండ్స్‌వాల్‌లో పాత కాగితం మిల్లు ఆవరణలో ఫ్యాక్టరీ పెట్టారు. ఏడాదికి 60,000 టన్నుల సామర్థ్యం. హెచ్ అండ్ ఎం లాంటి పెద్ద బ్రాండు వాటాదారు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, ఆర్డర్లు రాలేదు. కిలోకి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టమంటే బ్రాండ్లన్నీ మొహం చాటేశాయి. 2025 జనవరి నుంచి ఈయూ దేశాలన్నీ పాత బట్టల్ని విడిగా సేకరించాలి. మరి వాటితో తీసిన దారం కొనమని ఎవరికైనా చెప్పారా? లేదు. మాస్టారు చెప్పిన జబ్బే ఇక్కడా.

అయితే ఒకటి, చట్టం లేకుండా నడిచిన ఊరూ ఉంది. ఇటలీలో ప్రాతో. 19వ శతాబ్దం నుంచీ పాత ఉన్ని బట్టల్ని చీల్చి మళ్లీ దారం తీస్తున్నారు. గుడ్డల్ని రంగుల వారీగా వేరుచేస్తే మళ్లీ అద్దకం అక్కర్లేదు, అదే వాళ్ల లాభం. ఎర్రల్లోనే ఎన్నో ఎరుపులు విడగొట్టే చేతులవి. ఉన్ని ఖరీదైనది కాబట్టి గిట్టుబాటయింది. ఇప్పుడొచ్చే చవక పాలియెస్టర్ మిశ్రమాలతో వాళ్లకీ తలనొప్పే.

ఉత్తరగాలి:
డెన్మార్క్ నుంచి ఒక మాట. ఇక్కడి కలుండ్‌బోర్గ్ అనే ఊరి గురించి సర్క్యులర్ ఎకానమీ పాఠాల్లో తరచూ చెబుతారు. ఒక ఫ్యాక్టరీ వదిలేసింది ఇంకో ఫ్యాక్టరీకి ముడిసరుకు. ఎవరూ ఆదేశించలేదు, 1972లో రిఫైనరీలో మిగిలిన గ్యాస్‌ని పక్కనే ఉన్న జిప్సం బోర్డుల (ఇళ్ల గోడలకీ సీలింగ్‌కీ వాడే పలకల) ఫ్యాక్టరీ వాడుకోవడంతో మొదలైంది. తర్వాత బొగ్గు కరెంటు కేంద్రం పొగలోంచి గంధకాన్ని సున్నపురాయితో పట్టి జిప్సం చేసి అదే బోర్డుల ఫ్యాక్టరీకి ఇచ్చింది. ఇప్పుడా కేంద్రం బొగ్గు మానేసి చెక్కముక్కలు కాలుస్తోంది. మంచిదే, కానీ బొగ్గు పోయాక ఆ జిప్సం ఎక్కడిది? జర్మనీ పరిశ్రమకీ ఇదే దిగులు, అక్కడ వాడే జిప్సంలో పెద్ద భాగం బొగ్గు కేంద్రాలదే. ఒకరి మురికి మీద ఆధారపడిన వలయం ఆ మురికి ఆగితే తెగుతుంది. గిరాకీ పుట్టిస్తే అంతా సర్దుకుంటుందనే మాస్టారి లెక్కలో ఇది లేదు.

పాతసామాన్లు:
హైదరాబాద్‌లో ప్లాస్టిక్ స్క్రాప్ వ్యాపారం మాది. ఇప్పటిదాకా ఎవరూ ఎత్తని మాట నేను ఎత్తుతా. ఆసియా నుంచి చౌకగా వచ్చే రీసైకిల్ ప్లాస్టిక్ గుళికల వల్లే మునిగిపోతున్నామని అక్కడి రీసైక్లర్లు గోల పెడుతున్నారు. ఎన్నో ఏళ్లు మీ చెత్తని ఓడలెక్కించి ఆసియాకి పంపింది ఎవరు? 2018లో చైనా తలుపు మూసేదాకా అదే కదా మీ సర్క్యులర్? ఓఈసీడీలో (ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి) లేని దేశాలకి ప్లాస్టిక్ చెత్త పంపకూడదన్న నిషేధం 2026 నవంబరులో గానీ అమల్లోకి రాదు. చెత్త మా దగ్గరికి రావచ్చు గానీ, దాన్ని శుభ్రం చేసి గుళికలుగా అమ్మితే తప్పా? పాత సీసాల నుంచి మళ్లీ సీసాలకి పనికొచ్చే ప్లాస్టిక్ తీసే ఫ్యాక్టరీలు మన దగ్గరా ఉన్నాయి.

ఎల్బే_గట్టు:
తప్పని నేననలేదు. నా అనుమానం వేరు. కొత్త ప్లాస్టిక్‌కే రీసైకిల్ అని పేరు పెట్టి అమ్మితే ఎలా పట్టుకుంటాం?

లెక్కల_మాస్టారు:
అక్కడికే వస్తున్నా. గుళిక చేతిలో పెట్టి ఇది పాతదో కొత్తదో చెప్పమంటే ల్యాబ్‌కే కష్టం. సీసా ఎక్కడ ఎత్తారు, ఎక్కడ కడిగారు, ఎన్ని టన్నులు లోపలికి వెళ్లి ఎన్ని బయటికొచ్చాయి, ఇదంతా కాగితం మీదుంటేనే తెలుస్తుంది. మీరు విసుక్కుంటున్న ఫారాలు అవేనండీ. ఆ తనిఖీ యూరప్ ఫ్యాక్టరీకీ హైదరాబాద్ ఫ్యాక్టరీకీ ఒకేలా ఉండాలి. 2026లో సర్క్యులర్ ఎకానమీ చట్టం తెస్తామని యూరోపియన్ కమిషన్ అంటోంది కదా, అందులో నేను చూసేది ఈ ఒక్కటే. ఉత్తరగాలి గారి జిప్సంకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కూల్చిన ఇళ్ల బోర్డులు కొంత పూడుస్తాయేమో గానీ, బొగ్గు ఇచ్చినంత రాదు.

ఎల్బే_గట్టు:
సరే, ఫారాలు ఉండనివ్వండి. వాటి ఖర్చు మాత్రం సీసా మీద తన పేరు వేసుకునే కంపెనీ కట్టాలి. మధ్యలో మూతలు చేసే మాలాంటి వాళ్లు కాదు.