మర్రిచెట్టుకీ బనియన్‌కీ ఏమిటి చుట్టరికం?

పాలమూరు ఆడపడుచు:
మావాడు మూడో తరగతి. మొన్న పుస్తకంలో మర్రిచెట్టు బొమ్మ కింద ‘బన్యన్ ట్రీ’ అని చదివి, "అమ్మా, నాన్న బనియన్, ఇదీ ఒకటేనా?" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, "నోర్మూసుకుని చదువు" అన్నాను. వాడు మర్చిపోయాడు, నాకు మాత్రం రాత్రంతా అదే ఆలోచన. పిల్లలమర్రి ఊడలు పట్టుకుని ఊగినదాన్ని, ఇంతవరకూ తట్టనేలేదు. ఎవరికైనా తెలుసా?

టీకొట్టు కబుర్లు:
గుజరాతీ బనియాలు ఊరూరా మర్రి నీడన దుకాణం పెట్టేవాళ్ళట, అందుకే ఆ పేరని విన్నా. బనియన్ సంగతి నాకు తెలీదక్కా.

రిటైర్డ్ మాస్టారు:
ముందు మీవాడికి ఓ లడ్డూ పెట్టండమ్మా. రెండూ ఒకటే మాట.

టీకొట్టు బాబు చెప్పింది సగం నిజం. బనియాల పేరే, కానీ ఊరూరా కాదు. పర్షియా తీరాన బందర్ అబ్బాస్ అనే రేవు ఉంది, అప్పట్లో గోంబ్రూన్ అనేవారు. (మన బందరు కూడా ఆ పారశీక మాటే, రేవు అని అర్థం.) అక్కడ వ్యాపారానికి వెళ్ళిన మన వర్తకులు ఒక పెద్ద మర్రి కింద గుడి కట్టుకున్నారు. తెల్లవాళ్ళు దాన్ని ‘బనియాల చెట్టు’ అన్నారు. 1630ల్లోనే ఇంగ్లీషు రాతల్లో ఆ పేరు కనిపిస్తుంది. ఆ ఒక్క చెట్టు పేరే పోనుపోను మర్రి జాతి మొత్తానికీ అంటుకుంది. గుజరాతీ ‘వాణియో’ పోర్చుగీసువాళ్ళ నోట ‘బనియన్’ అయింది. మూలం సంస్కృత ‘వణిజ’, మన వాణిజ్యం కూడా అక్కడిదే.

ఇక బట్ట సంగతి. ఆ వర్తకులు తొడుక్కునే వదులు చొక్కాకీ అదే పేరు పెట్టారు. ఇంగ్లండులో దొరలు ఇంట్లో వేసుకునే పొడవాటి గౌను కూడా ‘బనియన్’. మన దగ్గరికొచ్చేసరికి అది చొక్కా లోపలికి దూరింది.

నాకైతే సంస్కృతంలో ‘న్యగ్రోధం’ అన్న పేరే నచ్చుతుంది. కిందికి పెరిగేది అని అర్థం. ఊడను చూసి పెట్టిన పేరు అది. ఇంగ్లీషు పేరులో చెట్టు ఊసే లేదు.

పాలమూరు ఆడపడుచు:
దండాలు మాస్టారూ! లడ్డూ పెట్టి అంతా చెప్పాను. ఈ పొద్దున వాళ్ళ నాన్న స్నానాల గదిలోంచి బనియన్ అందించమంటే, "షావుకారు చొక్కానా నాన్నా?" అని అరిచాడు.