15 వేలలో స్పాటింగ్ స్కోప్: 60 మి.మీ. దా, 80 మి.మీ. దా?

గట్టుమీద పిట్ట: మాది యానాం దగ్గరండీ. కోరంగి వైపు బురద మేటల మీద వాలే ఉల్లంకి పిట్టల్ని చూడ్డానికి స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి ఒంటికన్నుతో చూసే దుర్భిణి) కొందామని. ట్రైపాడ్‌తో కలిపి 15 వేలు దాటకూడదు. వీడియోలన్నీ అమెరికా వేటగాళ్లవే, కొండ మీద దుప్పి కొమ్ములు చూసుకునేవి. 20 నుంచి 60 రెట్ల జూమ్ ఉన్నవాటిలో ముందు అద్దం ఏ సైజుది మంచిది?

లంక బుల్లోడు: ఇక్కడ వేట అన్న మాట ఎత్తకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. లోపలేస్తారు.

జూమ్ రాజా: స్కోప్ దండగ. నికాన్ పీ950 కెమెరా తీసుకోండి, 83 రెట్ల జూమ్. స్కోప్‌లో చూసింది రేపు ఎవరికి చూపిస్తారు?

ఉప్పుటేరు: రాజా గారూ, ఆయన 15 వేలంటే మీరు కెమెరా అంటారేంటండీ? గట్టుమీద పిట్ట గారూ, 60 రెట్లు అన్న అంకెకి పడిపోకండి. అద్దం సైజుని జూమ్‌తో భాగిస్తే కంటికొచ్చే వెలుగు వెడల్పు తెలుస్తుంది. 60 మి.మీ. అద్దానికి 60 రెట్లు పెడితే 1 మి.మీ.; బొమ్మ మసకే. 30 దగ్గర ఆపితే 2 మి.మీ., హాయిగా ఉంటుంది. 80 ది వెలుగు ఎక్కువిస్తుంది గానీ బరువు; దానికి తగ్గ ట్రైపాడ్ మీ డబ్బుల్లో రాదు. 60, 65 చాలు. కళ్ల దగ్గర వంపు ఉన్నది తీసుకోండి, పొడుగోళ్లూ పొట్టోళ్లూ ఒకే ఎత్తులో చూడొచ్చు. మిగిలింది ట్రైపాడ్ మీద పెట్టండి. సముద్రపు గాలికి అది వణికితే ఎంత మంచి అద్దమైనా వృథా. ఆన్‌లైన్‌లో ‘40×60’ అని రాసుండే ఒంటికన్ను గొట్టాల జోలికి పోవద్దు. మా అల్లుడు ఒకటి తెప్పించాడు, అందులో పిట్టకి నాలుగు అంచులు కనపడతాయి.

జూమ్ రాజా: 60 రెట్లు పనికిరావంటారా? నేను చంద్రుడి మీద గుంటలు చూశాను.

ఉప్పుటేరు: రాత్రి చల్లగాల్లో చూశారు. పది దాటాక మేట మీద చూడండి, గాలి ఉడికి పిట్ట కాళ్లు ఈదుతుంటాయి.

జూమ్ రాజా: అందుకే దగ్గరకెళ్లి తీయాలి.

ఉప్పుటేరు: అదీ! ఇప్పుడు బయటికొచ్చింది. పోటు వేళ మేటంతా మునిగి, మిగిలిన తిన్నె మీదే అన్నీ సర్దుకుంటాయి. అక్కడికి పడవ తోలతారు. మొన్న మీరు పెట్టిన ఫొటోల్లో కూర్చున్న పిట్ట ఒక్కటుందా? అన్నీ లేచిపోతున్నవే. సైబీరియా దాకా తిరిగెళ్లాల్సిన ప్రాణులవి, ఒంట్లో కొవ్వు మీ ఫొటోకి ఖర్చు పెట్టాలా?

జూమ్ రాజా: ఫొటోలు లేకపోతే కోరంగిని ఎవడు పట్టించుకుంటాడు? నీతులు గట్టు మీద కూర్చుని ఎవరైనా చెబుతారు.

నావ సరంగు: నేను పడవ నడిపేవోణ్ణండి. దగ్గరికి పోనివ్వకపోతే మాకు డబ్బులివ్వరు, అది రాయండి. ఒకాయన మాత్రం గట్టునే దింపమని, స్కోప్ పెట్టి నాకూ చూపించారు. పిట్ట కాలికి చిన్న ప్లాస్టిక్ జెండా, దాని మీద అచ్చరాలు! ఇన్నేళ్లలో అది తెలీదు నాకు. పడవలో ఒకటి పెట్టుకుంటే ఎంతవుద్దండి? పాతదైనా పర్లేదు.

జూమ్ రాజా: ఊగే పడవలో స్కోపా? భలే.

ఉప్పుటేరు: ఈ ఒక్కటీ నిజమే. సరంగు గారూ, పడవలోకి 8×42 (8 రెట్లు, 42 మి.మీ. అద్దం) బైనాక్యులర్. స్కోప్ గట్టు దిగాకే.